అరవై రెండో ఆవు

జులై 1, సోమవారం

నా ప్రాజెక్టు. నా ఒక్కదానిది. ఇంకోసారి రాసుకుంటాను: నా ఒక్కదానిది.

రెండేళ్లుగా తిరుపతిలో ఈ బైరాగిపట్టెడ మేడమీది ఆఫీసులో ఎవరో కట్టిన వెబ్‌సైట్లకు రంగులు మార్చడం, బటన్లను ఇటునుంచి అటు జరపడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఇవాళ మోహన్ సార్ టీ గ్లాసులోంచి తలెత్తకుండానే, "సత్యవేడు డెయిరీ పని నువ్వు సూసుకో సబియా, నాకు తీరిక లేదు" అన్నారు. తీరిక లేకపోవడం ఎంత మంచి గుణం.

పని చిన్నదే. డెయిరీకి పాలు పోసే రైతుల ఆవులకు గాలికుంటు టీకా వేస్తారు. ఊరూరా తిరిగి టీకా వేసేవాళ్లు పన్నెండు మంది. ప్రతి ఆవు చెవిపోగు నంబరు, యజమాని పేరు, టీకా తేదీ వాళ్లు ఫోన్‌లో ఎక్కించాలి. చిక్కల్లా ఏమిటంటే కొన్ని పల్లెల్లో సిగ్నల్ ఉండదు. అందుకని ఎక్కించినదాన్ని ఫోన్ బ్రౌజర్‌లోనే దాచి, సిగ్నల్ తగిలినప్పుడు డెయిరీకి పంపాలి.

దాచాలి. ఎక్కడ దాచాలి అన్నదే నా ప్రాజెక్టు మొత్తం.

అమ్మీకి చెబితే, "ఆవులకు గూడా కంప్యూటరా, అల్లా" అంది. నాకు రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది.

జులై 2, మంగళవారం

బ్రౌజర్‌లో దాచుకోవడానికి చోట్లు నాలుగు. కుకీ మరీ ఇరుకు, పైగా అడిగినా అడగకపోయినా ప్రతిసారీ సర్వర్ దాకా వెంటపడి పోతుంది. సెషన్ స్టోరేజ్ ట్యాబ్ మూస్తే మాయం. మిగిలింది రెండు. లోకల్ స్టోరేజ్: సుమారు ఐదు ఎంబీ పడుతుంది, రెండు వరుసల కోడ్, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఇండెక్స్‌డ్ డీబీ: ఎంతైనా పడుతుంది, ఫోటోలు కూడా ఉన్నవున్నట్టు పెట్టుకోవచ్చు, కానీ దాని పద్ధతే వేరు, నాకు సరిగ్గా రాదు, తక్కువలో తక్కువ నాలుగు రోజులు.

ఒక ఆవు వివరం రెండు మూడు వందల అక్షరాలు. ఐదు ఎంబీలో వేల ఆవులు పడతాయి. ఆ పన్నెండు మంది కలిసి సత్యవేడు మండలమంతా తిరిగినా నిండదు.

మధ్యాహ్నం డెయిరీ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. పన్నెండు మందిలో ఒకడు, పేరు సలావుద్దీన్. పలమనేరులో పశువుల డిప్లొమా చదివాడట. పని నేర్చుకుని తక్కినవాళ్లకు తనే నేర్పుతాడట. "మేడం, మాకు ఎక్కువ ఏమొద్దు. ఎక్కించింది పోకుండా ఉంటే సాలు. పోయినసారి కాగితాలు వానలో తడిసినాయి" అన్నాడు. గొంతు బాగుంది. సిగ్నల్ కూడా బాగుంది కాబట్టి అలా వినిపించి ఉంటుంది.

గురువారం నేర్చుకోవడానికి తిరుపతి వస్తానన్నాడు. రమ్మన్నాను.

జులై 3, బుధవారం

లోకల్ స్టోరేజే. తీర్మానం అయిపోయింది. కారణాలు నిన్న రాసినవే. వేరే కారణమేమీ లేదు.

జులై 4, గురువారం

వచ్చాడు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టంతా ఒకవైపే ఉంది. యాప్ చూపించాను. ఒక అబద్ధపు ఆవును ఎక్కించాడు. సేవ్ నొక్కగానే ఆకుపచ్చ టిక్కు వచ్చింది. దాన్ని కాసేపు అలాగే చూసి, "ఈ టిక్కు వచ్చిందంటే ఇంక భయం లేనట్టే గదా మేడం?" అని అడిగాడు.

"లేనట్టే" అన్నాను.

ఫోన్‌లో కంటే ఎదురుగా గొంతు ఇంకా బాగుంది. కాబట్టి సిగ్నల్ వల్ల కాదు.

పోతూ పోతూ ఒక మాట అన్నాడు. కొన్ని ఆవులకు చెవిపోగు ఊడిపోతుందట. అప్పుడు ఏ ఆవు ఎవరిదో తెలియక ఊళ్లో తగువులట. "మొహం ఫోటో గూడా ఉంటే బాగుండు. అయితాదా మేడం? కష్టమైతే ఒద్దులే."

కష్టమా? ఒక్క గంటలో పెట్టేశాను. అతను బస్సు దిగేలోపు కొత్త లింకు అతని ఫోన్‌లో ఉంది. "ఇంత బిరీన్నా?" అని మెసేజ్ పెట్టాడు. ఆ ఒక్క మాటను ఎన్నిసార్లు చదివానో రాయను.

జులై 8, సోమవారం

ఆవులు వస్తున్నాయి.

సాయంత్రం ఐదింటికి ఒకరొకరుగా సిగ్నల్‌లోకి వస్తారు, నా తెర మీద వరుసలు పడతాయి. సలావుద్దీన్ వరుసలు వేరేగా ఉంటాయి. చివర్లో "గమనిక" అని ఒక గడి పెట్టాను, ఆవుకేదైనా జబ్బు ఉంటే రాయమని. తక్కినవాళ్లంతా ఖాళీగా వదిలేశారు. అతను ఇలా రాశాడు:

"ఈ ఆవుకు నా చొక్కా నచ్చినాది. కొంచెం తినింది."

"సూది అంటే భయం. ఆవుకు కాదు, యజమానికి."

"ఫోటోకు నాలుగుసార్లు మొహం తిప్పుకునింది. ఐదోసారి తనే సూసింది."

యాప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడం నా బాధ్యత కాబట్టి అన్నీ చదివాను. బాధ్యతగా రెండుసార్లు.

జులై 9, మంగళవారం

ఇరవై ఎనిమిది ఆవులు. పదకొండు గమనికలు. ఒకటి: "ఇది చదివేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ దూడ పుట్టి ఈ రోజుకు మూడు దినాలు."

చదివేవాళ్లు ఉన్నారు.

ఆఫీసులో కుర్చీని గుండ్రంగా తిప్పుకున్నాను. మోహన్ సార్ చూశారు. మెడ పట్టేసిందని చెప్పాను.

జులై 10, బుధవారం

ఇవాళ్టి నుంచి మూడు రోజులు అతను కొండ పక్క పల్లెలకు పోతున్నాడు. అక్కడ సిగ్నల్ చుక్క కూడా ఉండదట. శనివారం సత్యవేడు వచ్చాక అన్నీ ఒక్కసారే పంపుతాడు. మూడు రోజుల గమనికలు ఒక్కసారే. పండగ సరుకు.

జులై 12, శుక్రవారం

ఏమీ రావని తెలుసు. అయినా పేజీ రీఫ్రెష్ చేశాను. ఎన్నిసార్లో సర్వర్‌కు తెలుసు.

జులై 13, శనివారం

అరవై ఒక్క ఆవులు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి.

అతను టీకా వేసింది రెండు వందల నాలుగింటికట. మందు అంతకే సరిపోయిందట. మిగతా నూట నలభై మూడు ఆవులు ఎక్కడా లేవు. డెయిరీ మేనేజర్ ఏకాంబరం గారు మోహన్ సార్‌కు ఫోన్ చేశారు. సార్ స్పీకర్‌లో పెట్టారు. "మీ యాప్‌లో తక్కిన పదకొండు మందివీ సక్కంగా ఉండాయి గదప్పా. ఈయనొక్కడివే ఎట్ల పోతాయి? ఊర్లకు పోకుండా యాడో కూర్చోని మందు ఏం చేసినాడో" అన్నారు.

మోహన్ సార్ నావైపు చూశారు. "యాప్‌లో తప్పేమీ లేదు సార్" అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నానో తెలియదు.

జులై 14, ఆదివారం

కారణాలు ఏవై ఉండవచ్చు: అతని ఫోన్ పాతది. లేదా ఏదో తప్పు నొక్కి ఉంటాడు. లేదా ఫోన్ శుభ్రం చేసే యాప్ ఏదో తుడిచేసి ఉంటుంది.

టిఫిన్ తిన్నాక ఊరికే కోడ్ తెరిచాను.

ఫోటోలు. ఒక్కో ఫోటో అక్షరాలుగా మారితే ఎనభై వేలు. అరవై ఒక్క ఫోటోలకు ఐదు ఎంబీ నిండిపోతుంది. అరవై రెండో ఆవు దగ్గర బ్రౌజర్ "ఇక చోటు లేదు" అని చెబుతుంది. ఆ మాట వినడానికి నేను ఒక చోటు పెట్టాను, రెండు బ్రాకెట్లు. వాటి మధ్య ఏమీ రాయలేదు. తర్వాత రాద్దామనుకున్నాను. కాబట్టి బ్రౌజర్ చెప్పింది ఎవరూ వినలేదు, ఆకుపచ్చ టిక్కు మాత్రం వస్తూనే ఉంది. నూట నలభై మూడుసార్లు వచ్చింది.

తక్కినవాళ్లకు ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం సిగ్నల్ దొరికి ఖాళీ అవుతోంది కాబట్టి నిండలేదు. మూడు రోజులు సిగ్నల్ లేనిది అతనొక్కడికే.

అమ్మీ పిలిచినా భోజనానికి లేవలేదు.

జులై 15, సోమవారం

ఇండెక్స్‌డ్ డీబీ నేర్చుకుంటున్నాను. అది సిద్ధమయ్యాక చెబుతాను. తప్పు మాత్రం చెప్పడం కంటే తప్పూ దిద్దుబాటూ కలిపి చెప్పడం మేలు కదా. మేలే.

అతను ఫోన్ చేశాడు. "మేడం, మీకేమన్నా మాట వచ్చిందా నావల్ల?" అని అడిగాడు. నాకు మాట రాలేదు.

"మీ యాప్ తప్పు లేదని చెప్పినాలే మేడం. నా ఫోన్ పాతది. టిక్కులు వచ్చినాయి, నేను సూసినా. అయినా పోయినాయంటే నా ఫోన్‌దే" అన్నాడు.

"సరే" అన్నాను. సరే అన్నాను.

జులై 16, మంగళవారం

ఈ రోజు ఏమీ జరగలేదు.

జులై 17, బుధవారం

కొత్తది పనిచేస్తోంది. మా గిన్నెల అర మొత్తాన్ని ఆవులుగా ఎక్కించాను, మూడు వందల ఫోటోలు. ఫోన్ ఆపి మళ్లీ పెట్టాను. అన్నీ ఉన్నాయి. ఒక్క క్షణం ఎగిరి గంతేశాను. అమ్మీ వంటింట్లోంచి తొంగి చూసి, "చట్టిని ఫోటో తీసుకుని ఎగురుతాండావా? డాక్టరుకు చూపిద్దామా?" అంది.

నవ్వు వచ్చింది. తర్వాత గుర్తొచ్చింది. అతన్ని నిన్నటి నుంచి పనికి రావద్దన్నారు. శుక్రవారం మందు పెట్టె, గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేయమన్నారట.

"ఏమైందే?" అంది అమ్మీ. చెప్పాను. అన్నీ కాదు, ఆవుల వరకు.

అమ్మీ చట్టి కిందపెట్టి, "ఆ పిల్లోడికి తల్లి ఉందా?" అని అడిగింది.

"తెలీదు."

"ఉంటే ఆమెకు ఏమని చెప్పి ఉంటాడు?"

జులై 18, గురువారం

మోహన్ సార్‌కు చెప్పాను. సార్ చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "కొత్తది పంపించేయ్. అప్‌డేట్ అని చెప్పు. పాతదాని మాట ఎత్తొద్దు. రేపు ఇంకో డెయిరీ పని వచ్చేదుంది" అన్నారు.

"అతని ఉద్యోగం పోతుంది సార్."

"అది వాళ్ల ఇంటి సంగతి."

రేపటికి సెలవు అడిగాను. ఎందుకని అడిగారు. మెడ పట్టేసిందని చెప్పాను.

జులై 19, శుక్రవారం

ఇది పూర్తిగా రాసుకోవాలి.

పొద్దున ఆరింటి బస్సు. పుత్తూరు దాటేదాకా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. పిచ్చాటూరు వచ్చేసరికి అంతా మర్చిపోయాను. భయంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. దాని పేరు రాయను.

ఏకాంబరం గారు ముక్కు చివర కళ్లజోడుతో, పాల వ్యాన్ల లెక్క చూసుకుంటున్నారు. "ఏమ్మా, ఆ యాప్ చేసింది నువ్వేనా?"

"నేనే సార్. తప్పు సలావుద్దీన్ గారిది కాదు. నాది."

ఆయన కళ్లజోడు తీశారు. చోటు, నిండిపోవడం, టిక్కు అన్నీ చెప్పాను. ఒక్క ముక్క అర్థం కాలేదని ఆయన ముఖమే చెప్పింది. "ఇట్లాంటివి నేనెట్ల నమ్మేది? నీకు ఆ అబ్బోడు తెలిసినోడని ఈడికి వచ్చి చెప్తాండావేమో."

నా ఫోన్‌లో సిగ్నల్ ఆపేసి, పాత యాప్ తెరిచి ఆయన చేతికిచ్చాను. "మీరే ఫోటోలు తీయండి సార్. డెబ్బై తీయండి. నేను ముట్టుకోను."

మొదట క్యాలెండర్ తీశారు, ఫ్యాను తీశారు, పాల క్యాను తీశారు, విసుగ్గానే. ఇరవై అయ్యేసరికి ఆయనకు ఉత్సాహం వచ్చింది. సొంత కాలు తీసుకున్నారు. వసారాలోకి పోయి కుక్కను తీశారు. అది కదిలిందని మళ్లీ తీశారు. చివర్లో బయట నిలబెట్టిన తన స్కూటర్‌ను రెండు పక్కల నుంచీ తీసి, ఆకుపచ్చ టిక్కు నాకు చూపించారు. "డెబ్బై. అన్నీ వచ్చినాయే."

"మూసి, మళ్లీ తెరవండి సార్."

తెరిచారు. పేజీని పైకీ కిందికీ జరిపారు. అరవై నాలుగే. క్యాలెండర్, ఫ్యాను ఆవుల కంటే కాస్త తక్కువ చోటు పట్టినట్టున్నాయి. ఇంకోసారి లెక్కపెట్టారు, వేలితో.

"నా స్కూటర్ యాడికి పోయిందమ్మా?"

"ఆ నూట నలభై మూడు ఆవులూ అట్లే పోయినాయి సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఫోన్ బల్ల మీద పెట్టారు. తర్వాత, "ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు. నేను వల్లె వేసుకోని ప్రశ్న అది ఒక్కటే.

"ఆదివారం."

"ఈ రోజు శుక్రవారం."

"అవును సార్."

వెనక చప్పుడైంది. మందు పెట్టె పట్టుకుని గడపలో సలావుద్దీన్ నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచో నిలబడి ఉన్నాడు. పెట్టె కింద పెట్టాడు.

"సోమవారం నేను ఫోన్ చేసినప్పుడు తెలుసునా మేడం?"

"తెలుసు."

"నా ఫోన్‌దే తప్పని మా అమ్మకి గూడా చెప్పినాను. ఆమె ఫోన్ కొనిస్తానని కమ్మలు తీసింది."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ఏకాంబరం గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "పెట్టె తీసుకోప్పా. రేపటి నుంచి ఆ ఊర్లన్నీ మళ్లీ తిరగాల, ఒక్కో ఆవునూ మళ్లీ ఎక్కించాల. సూది ఒద్దు, ఎక్కించేది మాత్రం." తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు గూడా పోమ్మా. నువ్వు రాసింది ఆవుల ముందర ఎట్ల ఉంటాదో సూసుకో."

జులై 20, శనివారం

పాల వ్యాన్. ముందు డ్రైవర్, పక్కన నేను, వెనక క్యాన్ల మధ్య అతను. నాలుగు ఊళ్లు. యాభై రెండు ఆవులు. నాతో అతను మాట్లాడిన మాటలు: "ఈడ దిగాల", "బురద", "వెనక్కి రండి, తంతాది".

కొత్త యాప్‌లో టిక్కు వెంటనే రాదు. దాచినదాన్ని తిరిగి చదివి, ఉందని తేలాకే వస్తుంది. దాచలేకపోతే ఎర్ర అక్షరాలతో ఆ మాటే చెబుతుంది. చోటు ఖాళీ చేయడానికి బ్రౌజర్ తనంతట తాను తుడిచేయకుండా ముందే అనుమతి కూడా తీసుకున్నాను. ఇవన్నీ అతనికి వివరించాను. విన్నాడు. ప్రతి ఊరి చివరా ఫోన్ ఆపి, మళ్లీ పెట్టి, ఒక్కొక్క ఆవును లెక్కపెట్టాడు. నామీద నమ్మకం లేక. నేను పక్కనే నిలబడ్డాను. యాభై రెండూ ఉన్నాయి.

అంత బాధలోనూ ఇది రాయాలి: ఆవు ముఖాన్ని ఫోటో తీసేటప్పుడు అతను దాని చెవి వెనక గోకుతాడు. అందుకే అవి తిరిగి చూస్తాయి.

జులై 21, ఆదివారం

కొండ కింద చివరి పల్లెలో నాగరత్నమ్మ అని ఒక పెద్దావిడ, రెండు జెర్సీ ఆవులు. మమ్మల్ని చూడగానే, "మళ్లా వచ్చినావా నాయనా? మొన్న సూది ఏసినావు గదా. నా ఆవు నీ కాలు తొక్కింది, నొప్పి పోయిందా?" అంది.

అతను టీకా వేయలేదన్నవాళ్లు ఈ మాట వినాల్సింది. నేను విన్నాను. తల ఎత్తలేకపోయాను.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈ పాప ఎవురు? ఇద్దురూ మాట్లాడుకోకుండా ఒకే ఫోన్ సూస్తాండారు."

"యాప్ చేసినామె అవ్వా" అన్నాడు అతను.

"బాగా చేసిందా?"

అతను ఆవు మెడ కింద గోకాడు. "మొదట బాగా చేయలేదు. ఇప్పుడు బాగుండాది."

నాగరత్నమ్మ మజ్జిగ ఇచ్చింది, ఇద్దరికీ కలిపి ఒకే చెంబులో. ముందు నాకిచ్చాడు. సగం తాగి ఇచ్చాను. ఎత్తి పోసుకునే తాగాను, అయినా చెంబు అంచు తుడిచే ఇచ్చాను.

తిరుగు దారిలో అతను వెనక కూర్చోలేదు. డ్రైవర్‌కూ నాకూ మధ్య గేర్ దగ్గర ఇరుక్కున్నాడు. సత్యవేడు వచ్చేముందు, "కోడ్‌లో తప్పు నాకు కోపం కాదు. నేనూ ఒకసారి తప్పు చెవికి పోగు ఏసినాను. నేను ఫోన్ చేసినాక ఆ నాలుగు దినాలే కోపం" అన్నాడు.

"నాక్కూడా" అన్నాను.

అతను డ్రైవర్ పక్క కిటికీ వైపు తిరిగాడు. నవ్వాడో లేదో కనిపించలేదు. భుజం కదిలింది.

నూట నలభై మూడు. మొత్తం.

జులై 22, సోమవారం

మోహన్ సార్ ఉదయమంతా మాట్లాడలేదు. మధ్యాహ్నం, డెయిరీ పని తను చూసుకుంటానన్నారు. తలూపాను. నాలుగింటికి ఏకాంబరం గారి ఫోన్ వచ్చింది. సార్ ఈసారి స్పీకర్‌లో పెట్టలేదు. కానీ ఆయన గొంతుకు స్పీకర్ అక్కర్లేదు. "ఆ అమ్మాయే ఉండాలప్పా. తప్పు నాదని నా దగ్గరికి వచ్చి చెప్పినోళ్లు ఈ ఇరవై ఏండ్లలో ఎవురూ లేరు."

సార్ ఫోన్ పెట్టేసి, "మెడ ఎట్లుంది?" అని అడిగారు.

తగ్గిందని చెప్పాను.

జులై 25, గురువారం

సలావుద్దీన్ ఆవులు: ముప్పై మూడు. గమనికలు: సున్నా.

అది అతని ఇష్టం. ఆ గడి జబ్బుల కోసం పెట్టింది.

జులై 28, ఆదివారం

పదకొండింటికి మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. అతని పేరు. చేతిలోని దుప్పటి జారి పక్కింటివాళ్ల పిట్టగోడ మీద పడింది. పడనీ.

"యాప్‌లో ఏమైనా వచ్చిందా?" అన్నాను.

"లేదు. బాగానే ఉండాది."

"ఆవులన్నీ వచ్చాయి కదా?"

"వచ్చినాయి" అన్నాడు. "అమ్మ కమ్మలు మళ్లీ పెట్టుకునింది."

"మంచిది."

"యాప్ బాగానే ఉండాది" అన్నాడు మళ్లీ.

"మరి, ఏం పని మీద ఫోన్ చేశారు?"

ఎక్కడో బస్సు హారన్, ఎవరో తమిళంలో కేక. కాల్ తెగిందేమోనని తెర చూశాను. తెగలేదు, సెకన్లు నడుస్తున్నాయి.

"ఏం పనీ లేదు" అన్నాడు.

బకెట్ బోర్లించి కూర్చున్నాను. ఎండ మాడిపోతోంది. కింద నుంచి అమ్మీ రెండుసార్లు పిలిచింది. అతనికి చెప్పడానికి ఏమీ లేదు, నాకూ లేదు, ఫోన్ మాత్రం ఇద్దరమూ పెట్టేయలేదు.